లక్షల బండికి ఫ్యూజే కాపలా

(నారపల్లిలో ట్రాక్టరు రైతులు, డ్రైవర్ల సమావేశంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగం పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని కాదు. ట్రాక్టర్ల వైరింగు పని చేసుకుని బతికేవాణ్ని. కాబట్టి ముందుగా నా తప్పుతోనే మొదలుపెడతాను.

పని నేర్చుకున్న కొత్తలో ఒక రైతన్న ట్రాక్టరుకు నాలుగు ఫోకస్ లైట్లు బిగించాను. రాత్రిపూట దున్నడానికి అడిగాడు. ఫ్యూజు పెట్టాను, వేసిన ప్రతిసారీ పోతోంది. ఎందుకు పోతోందో వెతకలేదు. వైరులోంచి నాలుగు రాగి పోగులు తీసి ఫ్యూజు కాళ్లకు చుట్టాను. లైట్లు వెలిగాయి, ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. కొన్ని రోజుల తర్వాత వరిగడ్డి లోడుతో వస్తుంటే బానెట్ కింద పొగ లేచింది. డ్రైవరు తెలివైనవాడు. బండి ఆపి బ్యాటరీ కేబుల్ పీకేశాడు. గడ్డికి అంటుకోలేదు, మనిషికి ఏమీ కాలేదు. వైరింగు మాత్రం మొత్తం కరిగి ముద్దయిపోయింది. ఆ ముద్ద ఇప్పటికీ నా షాపులో మేకుకు వేలాడుతోంది.

ఎక్కడ తప్పు జరిగిందో లెక్క చూద్దాం. మన ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులు. ఒక హాలోజన్ బల్బు 55 వాట్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. ఒక బల్బుకు దాదాపు నాలుగున్నర, నాలుగింటికి 18 ఆంప్స్. నేను వేసింది సన్నటి వైరు, పెట్టింది 15 ఆంప్స్ ఫ్యూజు. ఆ ఫ్యూజు పోవడం న్యాయమే. అది నాకు నిజం చెబుతోంది, నేనే దాని నోరు మూశాను.

చాలామంది ఫ్యూజు బల్బును కాపాడుతుందనుకుంటారు. అది కాపాడేది వైరును. బల్బు పోతే బల్బు ఖర్చుతో పోతుంది. వైరు బాడీకి రాసుకుని షార్ట్ అయితే మన బ్యాటరీ వందల ఆంప్స్ ఒక్కసారిగా ఇవ్వగలదు. అంత కరెంటు పారితే సన్న వైరు నిప్పుకణికలా ఎర్రబడుతుంది. అందుకని ఫ్యూజు సైజు వైరు మందాన్ని బట్టి ఉండాలి. రెండో మాట, దాన్ని బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే పెట్టాలి. స్విచ్ దగ్గర పెడితే బ్యాటరీ నుంచి స్విచ్ దాకా ఉన్న వైరుకు కాపలా లేనట్టే. సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావు కేబుల్‌కు మామూలుగా ఫ్యూజు ఉండదు. అందుకే అది ఎక్కడా ఇనుముకు రాసుకోకుండా రబ్బరు తొడుగు వేయాలి.

మరి నాలుగు లైట్లు కావాలంటే ఎలా? రెండు జతలుగా విడదీయండి. ఒక్కో జతకు తొమ్మిది ఆంప్స్ పడుతుంది. రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 15 ఆంప్స్ ఫ్యూజు, ఒక రిలే పెట్టండి. బ్లేడు ఫ్యూజుల్లో 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. చదువు రాని డ్రైవరు కూడా రంగు చూసి మార్చగలడు. రిలే ఎందుకంటే, డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్ అంత కరెంటు మోయలేదు. రిలే ఉంటే స్విచ్ సైగ చేస్తుంది, బరువు రిలే మోస్తుంది. 20 వాట్ల ఎల్ఈడీలు వేసుకుంటే నాలుగూ కలిపి ఏడు ఆంప్స్ లోపే. ఒక్క 10 ఆంప్స్ ఫ్యూజు సరిపోతుంది, ఆల్టర్నేటరుకూ తేలిక.

బజారులో రెడీమేడ్ వైరింగు కిట్లు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు మూడు చూడండి. వైరు చివర గీకి లోపల రాగేనా, రాగి పూత వేసిన అల్యూమినియమా చూడండి. కిట్‌లో ఫ్యూజు హోల్డరు ఉందా, దానికి నీళ్లు చొరకుండా మూత ఉందా చూడండి. వైరు పొడవు సరిపోతుందా కొలవండి. తక్కువైందని మధ్యలో మెలిపెట్టి టేపు చుడితే, ఆ టేపు ఇంజన్ వేడికి ఊడిపోతుంది. అతుకు తప్పనిసరైతే లగ్గు పెట్టి క్రింపింగ్ ప్లయరుతో నొక్కించండి, పైన వేడికి బిగుసుకునే స్లీవు వేయండి. రేకులో రంధ్రం గుండా వైరు పోతే అక్కడ రబ్బరు వాషరు ఉండాలి. షెడ్డులో నిలిపిన బండికి ఎలుకల బాధ ఎక్కువ, సీజను మొదట్లో ఒకసారి వైర్లన్నీ తడిమి చూసుకోండి. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు విప్పాలి, చివర బిగించాలి.

ఇక ట్రాలీ సంగతి. అసలు ప్రాణాలు పోయేది ఇక్కడ. మనది వరంగల్ రోడ్డు. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగితే, కింద గుంతల్లో, దుమ్ములో, చీకట్లో మన బండ్లు ఎలా నడిచాయో మీకు తెలుసు. ఆ కుదుపులకు అతుకులన్నీ ఊడుతాయి. వడ్ల లోడుతో కొనుగోలు కేంద్రానికి పోయే ట్రాలీ వెనక ఎర్ర లైటు లేకపోతే, బైకు మీద వచ్చే పిల్లవాడికి అది దగ్గరికొచ్చేదాకా కనబడదు. ఆ పిల్లవాడు కూడా ఏదో రైతు కొడుకే.

ట్రాలీ లైట్లు ఎందుకు ఆరిపోతాయి? నూటికి తొంభై చోట్ల నాకు కనిపించేది ఎర్త్ లోపమే. హుక్కు, పిన్ను ద్వారా ఎర్త్ వస్తుందిలే అని వదిలేస్తారు. అక్కడ గ్రీజు, తుప్పు, పైగా యూరియా, డీఏపీ దుమ్ము రాగిని తినేస్తుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు మినుకుమంటోందంటే ముందు ఎర్త్‌నే అనుమానించండి. ఏడు పిన్నుల సాకెట్టు పెట్టి, ఎర్త్‌కు విడిగా ఒక వైరు వేయండి. అన్ని లైట్ల కరెంటూ దానిలోంచే తిరిగి వస్తుంది కాబట్టి అది అన్నిటికంటే లావుగా ఉండాలి. అర స్క్వేర్ ఎంఎం వైరు ఎనిమిది మీటర్లు లాగితే, బ్రేకు లైట్లు, టెయిల్ లైట్లు కలిసి వెలిగినప్పుడు పోనూ రానూ రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతుంది. వెలుగు సగానికి పడిపోతుంది. కనీసం ఒకటిన్నర వేయండి.

ఇంకో మాట. దున్నడానికి పెట్టుకున్న ఫోకస్ లైట్లు రోడ్డెక్కగానే ఆర్పేయాలి. ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్ముతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా బండికి ఇష్టారాజ్యంగా మార్పులు చేయనివ్వదు. ఏదైనా జరిగితే బీమా దగ్గర రైతుకే చిక్కు.

అయితే తప్పంతా రైతుదే అంటే నేను ఒప్పుకోను. ట్రాలీకి వెనక లైట్లు, రిఫ్లెక్టర్లు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. మరి లైట్లు లేని ట్రాలీని తయారుచేసి అమ్మేవాణ్ని ఎవరూ అడగరు, రోడ్డు మీద రైతును ఆపి అడుగుతారు. కాబట్టి సంఘం తరఫున మూడు అడుగుదాం. ట్రాలీని లైట్లు, సాకెట్టు బిగించే అమ్మాలి. కిట్టు పాకెట్టు మీద వైరు మందం, ఫ్యూజు సైజు తెలుగులో అచ్చు వేయాలి. మండలానికొక చోట కోతలకు ముందు వైరింగు తనిఖీ శిబిరం పెట్టాలి. శిబిరానికి నేను కూలి లేకుండా వస్తాను.

అవి వచ్చేదాకా ఆగకండి. ఈ రాత్రి ఇంటికి పోయి టార్చి పట్టుకుని బానెట్ ఎత్తండి. ఫ్యూజు హోల్డరులో రాగి పోగు కనిపిస్తే పీకి పారేయండి. కొత్త ఫ్యూజు వేయండి, రెండు అదనంగా టూల్ బాక్సులో పెట్టుకోండి. అదీ పోతే మళ్లీ పోగు చుట్టొద్దు, ఎందుకు పోయిందో వెతకండి. తెలియకపోతే నా షాపుకు రండి. మేకుకు వేలాడుతున్న ఆ ముద్ద చూపిస్తాను, తర్వాత మీ బండి చూద్దాం.