అద్దం ముందు రాగిణి

మన భీమవరంలో 1895లో పుట్టిన అడివి బాపిరాజు, రాజమండ్రి దామెర్ల రామారావు ఇద్దరూ రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో కుంచె పట్టినవారే. రామారావు గారి పేరున్న చిత్రాల్లో ‘పుష్పాలంకారం’ ఒకటి.

ఆ పేరు గుర్తుచేసే ఆడవారి ముస్తాబు మన చిత్రకారులకు పాత ముచ్చటే. రాగాలను బొమ్మలుగా చూపే రాగమాల సూక్ష్మచిత్రాల్లో బిలావల్ రాగిణి అలాంటిదే. ప్రియుడి కోసం సింగారించుకుంటున్న నాయిక ఆమె. చెలికత్తె అద్దం పడితే అందులో చూసుకుంటూ చెవికి కమ్మ పెట్టుకుంటుంది. మన అలంకారశాస్త్రం వాసకసజ్జిక అనే నాయిక ఇలాంటిదే.

బొమ్మ చిన్నదైనా పని పెద్దది. రంగురాళ్లు నూరి, తుమ్మజిగురు కలిపి, ఉడుత వెంట్రుకల కుంచెతో కురులు, కంటిరెప్పలు సన్నగా దిద్దేవారు. కాగితాన్ని నున్నటి రాయితో రుద్ది మెరుగుపెట్టేవారు.

హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో సూక్ష్మచిత్రాల దగ్గర కాసేపు ఆగండి. రాజమండ్రిలో రామారావు గారి చిత్రశాల ఉండనే ఉంది.