ప్రభువు శాసనబద్ధుడేనా?



ఊరిలెక్కలు వ్రాయు నావంటివాడు పురాతన కట్టడములనుగూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని పొలిమేరరాయి పెరికినవానిని దండించు ప్రభుత్వమే పూర్వుల గుడినో కోటగోడనో తన పనికొఱకు పడగొట్టినచో అడుగువారెవ్వరు? ఈ ప్రశ్న నా వృత్తికి దూరమైనది కాదు.

మన పూర్వులు దీనిని మఱవలేదు. గుడిస్తంభములపైనను రాగిరేకులపైనను గల దానశాసనములను చూడుడు. దాత తన ధర్మమును కాపాడుడని భావిరాజులను వేడుకొనును. హరించినవారికి నరకము తప్పదని చివర శాపోక్తులు చెక్కించును. దొంగను దండించుటకు రాజు కలడు. రాజే హరించినచో? ఆ శాపము ముఖ్యముగా వానికొఱకే.

నేటి న్యాయస్థానమున దీనికి సమాధానము వ్రాసినవారు తెలుగువారగుట మనకు సంతోషకరము. చట్టము స్పష్టముగా చెప్పిననే తప్ప రాజును బంధింపదని ఆంగ్లేయుల సూత్రమొకటి కలదు. 1960లో మన సుప్రీంకోర్టు దానిని అంగీకరించినది. పిదప, లైసెన్సు లేకయే సంత నడపుచున్న పశ్చిమబెంగాలు ప్రభుత్వమునకును కలకత్తా నగరపాలక సంస్థకును వివాదము వచ్చినది. 1966 డిసెంబరులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సూత్రమును త్రోసివేసినది. ప్రధానతీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. చట్టము మినహాయింపనిచో ప్రభుత్వమును సామాన్యునివలెనే దానికి లోబడవలెనని ఆ తీర్పు సారము.

ఇక కట్టడముల మాట. 1958 నాటి కేంద్రచట్టమును 2010లో సవరించిరి. రక్షిత కట్టడమునకు 100 మీటర్లలోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధము. ప్రజోపయోగమను పేరుతోనైనను అనుమతి ఈయరాదు. అతిక్రమించిన సామాన్యునికి రెండేండ్లవఱకు ఖైదు. చూచిచూడనట్లు ఊరకున్న కేంద్రప్రభుత్వోద్యోగికి మూడేండ్లవఱకు! కంచెయే చేను మేసినచో నేరము పెద్దదని చట్టకర్త లెఱుగుదురు. ఆ నిషేధమును సడలింపగోరిన సవరణబిల్లును 2018 జనవరిలో లోకసభ ఆమోదించినను, రాజ్యసభ దానిని సెలెక్టు కమిటీకి పంపినది.

ఇవి కాగితముపై మాటలేనా? హైదరాబాదులోని ఎర్రమంజిల్ భవనమును చూడుడు. దానిని కూల్చి శాసనసభాభవనము కట్టవలెనని 2019 జూనులో తెలంగాణ మంత్రివర్గము నిర్ణయించినది. పౌరులు హైకోర్టు కేగిరి. సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. శాసనములు చేయు సభకొఱకు సంకల్పించిన పనిని శాసనమే ఆపినది. ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

అయితే ఒక చిక్కు కలదు. ప్రకటించి రక్షణజాబితాలో చేర్చిన కట్టడమునకే ఈ బలము. జాబితా కెక్కని రాయి రోడ్డు గుత్తేదారు దృష్టిలో రాయియే. మన చెఱువుకట్టమీది వీరగల్లు ఏ జాబితాలోను లేదు. కట్టను వెడల్పు చేయుదురని వినుచున్నాము. అధికారులు దుర్మార్గులని నే ననను. వారి పటములో దాని గుర్తు లేదు, అంతే.

కావున దాని కొలతలను, నిలిచిన చోటి సర్వేనంబరును వ్రాసి, పురావస్తుశాఖకు దరఖాస్తు నొకటి సిద్ధము చేసితిని. అది లోపలి గదిలో బల్లపై నున్నది. సభానంతరము చదివి, ఇష్టమైనవారు సంతకము చేయుడు. వ్రేలిముద్రలకు సిరామెత్తయు అచ్చటనే కలదు.