చిన్న తరగతులకు ఒక డ్రాయింగ్ మాస్టారు కావాలి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీ పేద పిల్లలకు పుస్తకాలు, యూనిఫారాలు, ఫీజులు ఇస్తోంది. ఏటా ఒక డ్రాయింగ్ పోటీ పెట్టి బహుమతులూ ఇస్తోంది. నాకిచ్చిన పది నిమిషాలూ ఈ పోటీ గురించే మాట్లాడతాను. దానికయ్యే ఖర్చు ఆపి, ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు వారానికి రెండు పీరియడ్లు బొమ్మలు, డిజైన్ నేర్పే మనిషిని పెట్టండని నా మనవి.

పోటీలో వచ్చే బొమ్మలు మీరూ చూశారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, కొబ్బరిచెట్టు. కొండ అన్నదే కనబడని మచిలీపట్నం పిల్లవాడు కూడా కొండలే వేస్తాడు! ఎప్పుడో ఎవరో బోర్డు మీద వేసి చూపించారు, అన్న దగ్గర తమ్ముడు నేర్చుకున్నాడు. ఇంట్లో నేర్పించుకోగలిగిన వారి బిడ్డకు ప్రైజు వస్తుంది. మిగతావాళ్లు తమకు డ్రాయింగ్ రాదని ఏడేళ్లకే తీర్మానించుకుంటారు.

ప్రభుత్వం చూసుకుంటుందిలే అనుకోకండి. కళలు పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు వందకు మించితేనే. ఐదో తరగతి లోపు వాళ్లకు ఆ ఊసే లేదు. చేయీ కన్నూ కలిసి పని నేర్చుకునే వయసు మాత్రం అదే.

ఒక తండ్రి నన్ను నిలదీశారు, "సార్, ప్రాణుల బొమ్మలు గీయడం మనకు తగదంటారు కదా?" అని. ఆ విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి, తీర్పు చెప్పడానికి నేనెవర్ని? "ఆ ప్రశ్న దాకా వెళ్లకుండానే ఏడాదికి సరిపడా పని ఉంది భాయ్, రేపొచ్చి క్లాసులో కూర్చోండి" అన్నాను. వచ్చారు.

ఆ రోజు మూడో తరగతికి దారం, సుద్దముక్క ఇచ్చాను. దారం ఒక కొస నేల మీద వేలితో నొక్కిపెట్టి, రెండో కొసకు కట్టిన సుద్దతో చుట్టూ తిప్పితే సున్నా వచ్చింది. దారం పొడవు మార్చకుండా ఆ గీత మీద ఒకచోట వేలు పెట్టి, సున్నా లోపల ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వంపు గీయాలి. ఆ వంపు అంచును తాకినచోట మళ్లీ వేలు పెట్టాలి. ఆరుసార్లు పెడితే మొదటి చోటికే వస్తాం, మధ్యలో ఆరు రేకుల పువ్వు విచ్చుకుంటుంది. ఒక పాపకు ఆరో రేకు కలవలేదు. నేనేమీ అనలేదు. తనే దారం లాగి చూసుకుని, "వదులైంది సార్" అని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. జాలీల్లో కనబడే ఆరు మూలల నక్షత్రం కూడా ఇదే సున్నాలోంచి పుడుతుంది. ఆ తండ్రి మెకానిక్కు. పిల్లలు వెళ్లాక ఆయనే దారం అందుకున్నారు.

మనకు పక్కనే పెడన ఉంది. అక్కడి కలంకారీలో గీతకు ఒక అచ్చు, నింపే రంగుకు ఇంకో అచ్చు. ఒకటి జరిగితే డిజైనంతా చెదిరిపోతుంది. పిల్లలు బెండకాయ ముక్కతో అద్దినా ఈ సంగతి తెలిసిపోతుంది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో కొన్నాళ్లు నానబెట్టి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద అద్దితే నల్లబడుతుంది. ఎందుకు నల్లబడిందని అడగని పిల్లవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఆ నీళ్లు కలిపే పని మాత్రం మాస్టారిదే, పిల్లలది కాదు.

డిజైన్ అంటే అలంకరణ అనుకుంటాం. నాలుగో తరగతి కుర్రాడొకడు చదువురాని దాదీకి మందుల కవర్లు చేశాడు. పొద్దుటి దానికి సూర్యుడు, రాత్రి దానికి నెలవంక. పసుపు రంగులో వేశాడు, ఆమె కంటికి ఆనలేదు. మర్నాడు నల్లటి దళసరి గీతలతో మళ్లీ చేశాడు. అప్పటికీ రెండూ ఒకేలా ఉన్నాయందట. అప్పుడు రాత్రి కవరు మూల కత్తిరించాడు, చేత్తో తడిమినా తెలిసేలా. ఎవరికోసం చేస్తున్నామో వాళ్లను అడిగి మార్చుకోవడాన్నే నేను డిజైన్ అంటాను. దీనికి మార్కులెలా వేస్తారో నాకైతే తోచదు.

ఖర్చు సంగతి. జకాత్ పద్దు వేరు, దాన్ని తాకమనడం లేదు. సాధారణ చందాల్లోంచి ఒక మనిషి జీతం చాలు. సామానుకు పెద్దగా అక్కర్లేదు. శుభలేఖల వెనక వైపు, దర్జీ దుకాణాల పీలికలు, అట్టపెట్టెలు మీ ఇళ్లలోనే ఉన్నాయి. కొనాల్సినవి మొద్దు మొన కత్తెరలు, సుద్దముక్కలు, నాలుగు రంగులు. పట్టీ రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. జూన్‌లో బడి తెరిచేలోపు మనిషిని చూడాలి కాబట్టి, సభ అయ్యాక ఒకసారి దాన్ని చూసి వెళ్లండి.