గుంపు – గుమ్మము



గాదె అడుగు కన్నము తెరచినప్పుడు వడ్లు కొంత జారి, ఉన్నట్టుండి ఆగిపోవుట నెల్లూరుసీమ రైతులకు తెలియని సంగతి కాదు. గింజలు ఒకదానినొకటి బిగబట్టి కమానువలె నిలుచును. గుమ్మమువద్ద మనుష్యుల గుంపును ఇట్లే బిగిసికొనును.

2000 సంవత్సరమున హెల్బింగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడును, ఫర్కాష్, విచెక్ అను హంగేరీ శాస్త్రజ్ఞులును దీనిని కంప్యూటరుపై లెక్కగట్టి ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. నిజమైన మనుష్యులను గదిలో క్రుక్కి భయపెట్టి చూచుట తగదు గదా! కావున యంత్రముననే ఒక గదిని, ఒక గుమ్మమును, 200 మందిని కల్పించిరి. ఒక్కొక్కరికి గుమ్మము చేరు ఆతురతయు, ఇతరులకు ఎడముగా ఉండు స్వభావమును, మేనులు తాకినప్పటి ఒత్తిడియు, రాపిడియు అంకెలలో నిచ్చిరి. పిదప ఆతురతను క్రమముగా హెచ్చించిరి. సెకనుకు సుమారు ఒకటిన్నర మీటరు వేగము వరకు గది త్వరగా ఖాళీ అయినది. అంతకు మించి తొందరపడినకొలది ఆలస్యమే హెచ్చినది.

ఇట్టి చోట్ల ప్రాణము తీయునది త్రొక్కుడుకంటె ఎక్కువగా ఊపిరాడనీయని ఒత్తిడి. చదరపు మీటరున ఆరేడుగురు చేరిన పిమ్మట ఎవరి కాలును వారి స్వాధీనమున ఉండదు. వెనుకనున్నవాడు తానొక్క అడుగే వేసితిననుకొనును. ముందరివాని యెదపై పలువురి బరువు పడును. 2022 డిసెంబరు 28న, అప్పుడు నెల్లూరు జిల్లాలో నుండిన కందుకూరున రాజకీయసభకు వచ్చిన జనము ఇరుకుబాటలో ఒత్తుకొనగా ఎనిమిదిమంది మరణించిరి. అది ఆరుబయలు!

మైపాడు, తుమ్మలపెంట వంటి తీరగ్రామములవారు తుపాను వేళ చేరవలసినది నాలుగు గోడల నడుమకు. ట్రంకుపెట్టెతో, మేకపిల్లతో వచ్చినవారు గుమ్మముననే ఆగి తమవారికై వెదకుదురు. మరచిన వస్తువుకై మరలిపోవువారికిని అదే దారి. తుపాను కన్ను నెత్తిమీదికి వచ్చినప్పుడు గాలి ఆగును. గండము గడచెనని కొందరు ఇండ్లు చూచుకొనుటకు పోవుదురు. కొంతసేపటికే ఎదురుదిక్కునుండి గాలి విరుచుకుపడును. అందరును ఒక్కుమ్మడి గుమ్మమునకు పరుగిడుదురు. యంత్రపు లెక్కలో హద్దుమీరిన ఆతురత అదియే.

కట్టడము కట్టకముందే ఇట్టి లెక్క వేసినచో గుమ్మమెంత వెడల్పుండవలెనో, మెట్లెచ్చట మలుపు తిరుగవలెనో తెలియును. కట్టిన చోట సయితము రెండవ తలుపునకు తాళము తీయించుటయు, గుమ్మము ప్రక్కనుండి బియ్యపు బస్తాలు జరిపించుటయు ఊరివారి చేతిలోని పనియే. అయితే ఆ తొలి లెక్కలోని మనుష్యునికి ముసలితల్లి లేదు. చంకను బిడ్డ లేడు. పగటిపూట ఊరినంతయు ఒకసారి నడిపించి, వృద్ధులను మెట్లెక్కించుటకు పట్టినంత కాలమును గడియారముతో కొలిచినచో, ఆ లోపమును పూరించు అంకె ఆ ఊరిలోనే దొరకును.