బస్సు కిటికీలోనుండి



హైదరాబాదులో కోఠి నుండి చార్మినార్ వైపు బస్సులో వెళ్ళేవారు నయాపూల్ మీద మూసీ దాటుతారు. ఈ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, ఆ ఒడ్డున హైకోర్టు భవనం. వంతెన రాగానే మనం చేసేది ఒకటే, ముక్కుకు చేతిరుమాలు అడ్డుపెట్టుకోవడం!

1908 సెప్టెంబరు 28న ఈ మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఆనాడు సుమారు 150 మంది బ్రదికారు. ఇంత చరిత్ర ప్రక్కనే ఉన్నా, మనకు కనిపించేది ముందు బస్సు వెనుకభాగమే.

లూకా సువార్త 19వ అధ్యాయం 41వ వచనం చూడండి. ప్రభువు యెరూషలేమును చూచి ఏడ్చాడు. చుట్టూ శిష్యులు జయధ్వనులు చేస్తున్నారు, ఆయన కన్నులు మాత్రం పట్టణం మీద ఉన్నాయి.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఆసుపత్రి గేటు దగ్గర సంచి తలక్రింద పెట్టుకొని పడుకున్న మనిషి నిన్న కూడా మీకు కనిపించాడు. లోపల ఉన్నది భార్యో, బిడ్డో మీకు తెలుసా? మీ దారిలో ఉస్మానియా లేకపోవచ్చు, మరో పెద్దాసుపత్రి ఉంటుంది. రేపు అక్కడ దిగండి. ఏ ఊరు అని అడగండి. అన్నం తిన్నారా అని అడగండి. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైతే కానివ్వండి.