తాగుడు మానడానికి తోడు కావాలి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం నకారా కేసు తీర్పును తలుచుకుంటాము. పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని 1982లో సుప్రీంకోర్టు తేల్చిన రోజు ఇది. ఆ హక్కుగా వచ్చిన సొమ్మును నేను కొన్నేళ్ళు ఏం చేశానో ఈ రోజు మీకు మనవి చేస్తాను.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ముప్పై ఆరేళ్ళు చేసి 2010లో రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా రాత్రిపూట మాత్రమే తాగేవాణ్ణి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. అంగళ్ళు మూసినప్పుడూ నా అలవాటు మూతపడలేదు. అయినా ఆఫీసు భయమొకటి ఉండేది. రిటైరయ్యాక అదీ పోయింది. పొద్దున పది గంటలకు పోవాల్సిన చోటు లేనివాడికి పొద్దెంత పెద్దదో మీకు తెలుసు. ఒకటో తారీఖు పెన్షన్ పడితే, పదో తారీఖుకు మా ఇంట్లో చేబదుళ్ళు మొదలయ్యేవి.

2014లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి పోయాను. చెయ్యి వణికి సంతకం కుదరలేదు. అక్కడ కూర్చున్నది ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లవాడు. “సార్, ఇంకోసారి పెట్టండి” అన్నాడు. మూడుసార్లు పెట్టినా పాత సంతకంతో కలవలేదు. చివరికి వేలిముద్ర వేసి వచ్చాను. ముప్పై ఆరేళ్ళు ఇతరుల వేలిముద్రలకు సాక్షి సంతకం చేసినవాణ్ణి!

ఆ సాయంత్రమే వీరభద్రస్వామి గుడిలో ప్రమాణం చేసి, ఒక్కసారిగా మానేశాను. మూడో రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నట్టు కనిపించాయి. లేనివాళ్ళతో మాట్లాడానట. గాలి సోకిందని అందరూ తాయెత్తు కట్టించమన్నారు. నా భార్య వినక ఆసుపత్రికి చేర్చింది. ఏళ్ళ తరబడి బాగా తాగినవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే మొదటి మూడు నాలుగు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి చెదరడం రావచ్చునని, ప్రాణం కూడా పోవచ్చునని డాక్టరు గారు చెప్పారు. కాబట్టి ఎవరైనా మానదలిస్తే ముందు డాక్టరుకు చూపించుకోండి.

ఇంటికొచ్చిన ఇరవై రోజులకే మళ్ళీ మొదలుపెట్టాను. ఒంట్లోంచి మందు పోయింది గానీ, సాయంత్రం ఆరు గంటలు పోలేదు. అప్పుడు డాక్టరు గారు, “మందులు నేనిస్తాను. తోడు మాత్రం మానినవాళ్ళ దగ్గరే దొరుకుతుంది” అని ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల సంగతి చెప్పారు. మావాడు బెంగళూరులో ఉన్నందున అక్కడికి పోయాను.

ఒక చిన్న గది, పది కుర్చీలు, టీ. రిజిస్టరు ఎక్కడ, దరఖాస్తు ఎవరికివ్వాలి, ఫీజెంత అని అడిగాను. అందరూ నవ్వారు. ఏదీ లేదు. తాగుడు మానాలనే కోరిక ఒక్కటే అర్హత. మూడు వారాలు నోరు విప్పలేదు. వాళ్ళ కన్నడం సగం అర్థమయ్యేది, మిగతా సగం వాళ్ళ మొహాలు చూస్తే అర్థమయ్యేది. ఒక ఇంజనీరు, ఒక ఆటో అతను పక్కపక్కనే కూర్చొని ఒకే కథ చెప్పారు. అది నా కథే. నాలుగో వారం నేనూ లేచి, “నేను తాగుబోతును” అన్నాను. ఎవరూ మొహం తిప్పుకోలేదు.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్నంలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జను, ఇద్దరూ తాగుడుకు చిక్కినవాళ్ళే, ఒకరికొకరు తోడై దీన్ని మొదలుపెట్టారు. మన దేశానికి 1957లో వచ్చింది. ఇంటివాళ్ళకు అల్-అనాన్ అని వేరే సమావేశాలున్నాయి. నా భార్య అక్కడికి పోయింది. నా అప్పులు తీర్చడం, నా తరఫున అబద్ధాలు చెప్పడం మానేసింది. అదీ నాకు మేలే చేసింది.

2015 ఉగాది నుండి నేను ముట్టలేదు. ఇక ఎన్నడూ తాగనని అనను. ఈ రోజు తాగను అంటాను. అక్కడ నేర్పింది అదే. రాయచోటికి తిరిగొచ్చాక నాకిక్కడ సమావేశం దొరకలేదు. 2020 లాక్‌డౌన్‌లో అవి ఫోనుల్లోకి వచ్చాయి. మా మనుమరాలు, “అబ్బా, ఇక్కడ నొక్కు” అని నేర్పింది. తెలుగులో మాట్లాడేవాళ్ళూ దొరికారు.

సలహా కావలసినవారు 14446కు గానీ, టెలి మానస్ 14416కు గానీ ఫోను చేయండి. డబ్బు కట్టనక్కరలేదు.

చివరగా ఒక్క మనవి. మన సంఘం గది ఆదివారం సాయంత్రాలు తాళం వేసే ఉంటుంది. దాన్ని గంటసేపు మాకివ్వండి. ఇద్దరు కూడితే సమావేశమే. ఉచితంగా మాత్రం వద్దు, అద్దె తీసుకోండి. బయటివారి సొమ్ము పుచ్చుకోకపోవడం అక్కడి నియమం. బోర్డు అక్కరలేదు. లోపలికొచ్చిన వారి పేరు బయటికి రాదు. ఈ ప్రసంగం ప్రత్యేక సంచికలో వేస్తే నా పేరు కూడా అచ్చు వేయవద్దని సంపాదకులను కోరుతున్నాను. అదీ ఆ నియమాల్లోదే. ఈ సభలో కూర్చున్నవారికి నేనెవరో తెలుసు, అది చాలు.

వచ్చే ఆదివారం ఆరు గంటలకు తాళంచెవి నా చేతికిస్తే, నేను ముందే పోయి కుర్చీలు వేసి కూర్చుంటాను. ఎవరూ రాకపోయినా ఏడు దాకా ఉంటాను.