స్పృహ లేకుండానే ఒలింపిక్ గోల్డ్! అసలు కరాటే రూల్స్ ఎవరు రాశారు?

ఒక మనిషి మ్యాట్ మీద పడిపోయి ఉన్నాడు. స్పృహ లేదు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు, ఆక్సిజన్ పెట్టారు, స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లారు. కొట్టినవాడు అప్పటికే 4-1తో ముందున్నాడు. రిఫరీలు కాసేపు మాట్లాడుకున్నారు. తీర్పు ఏంటో తెలుసా? గోల్డ్ మెడల్ పడిపోయినవాడిది. కొట్టినవాడికి సిల్వర్.

ఇది సినిమా సీన్ కాదు. 2021 ఆగస్టు 7, టోక్యో ఒలింపిక్స్, పురుషుల 75 కేజీల పైన కరాటే ఫైనల్. పడిపోయింది ఇరాన్‌కి చెందిన సజ్జాద్ గంజ్‌జాదే. కొట్టింది సౌదీ అరేబియా కుర్రాడు తారెగ్ హమెదీ. ఆ కిక్ చాలా గట్టిగా తగిలింది, అందుకే అతన్ని డిస్‌క్వాలిఫై చేశారు.

"గట్టిగా కొట్టడమే కదా ఫైట్ అంటే?" అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. అసలు ఈ రూల్ ఎవరు పెట్టారు, పెట్టే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు? ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే.

హాయ్ ఫ్రెండ్స్, నమస్తే. మొదటిసారి వస్తున్న వాళ్లకి చిన్న పరిచయం. నేను బీటెక్ చేసి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు మీతో ఇలా కబుర్లు చెప్తున్నా. ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, మా ఇంట్లో బీరువా పైన ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ ఉంది. అందులో నా కరాటే సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆరో క్లాస్ నుంచి ఇంటర్ దాకా నేర్చుకున్నా. సుమన్, భానుచందర్ ఫైట్లు చూసి పెరిగిన మా నాన్నకి నన్ను కరాటే డ్రెస్‌లో చూడాలని కోరిక. ప్రతి బెల్ట్ టెస్ట్‌కీ ఫీజు, కొత్త బెల్ట్‌కి ఇంకో ఫీజు, సర్టిఫికెట్‌కి మళ్లీ ఫీజు. ఆయన ఒక్కసారి కూడా "ఎందుకు" అని అడగలేదు.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటాకి ఆ ఫోల్డర్ పట్టుకుని వెళ్లాం. వెరిఫికేషన్ దగ్గర కూర్చున్నాయన పేజీలు తిప్పి, "ఇది ఏ ఫెడరేషన్ బాబూ?" అన్నాడు. సర్టిఫికెట్ మీద పెద్ద గోల్డ్ సీల్ ఉంది, 'ఇంటర్నేషనల్' అనే మాట ఉంది. "గుర్తింపు ఉన్నది కాదు" అని ఫోల్డర్ మూసి మా నాన్న చేతికిచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న ఆ ఫోల్డర్‌ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. ఏమీ అనలేదు. నాకు ఇప్పటికీ గుర్తుండేది అదే.

మరి 'గుర్తింపు' అంటే ఏంటి? దీనికి కరాటే పుట్టిన చోటికి వెళ్లాలి.

కరాటే పుట్టింది ఒకినావా దీవుల్లో. అది ఒకప్పుడు ర్యూక్యూ అనే వేరే రాజ్యం. 1879లో జపాన్ దాన్ని తనలో కలిపేసుకుంది. అక్కడ కరాటే అంటే గురువు ఇంటి పెరట్లో ఇద్దరో ముగ్గురో శిష్యులు నేర్చుకునే విద్య. బెల్ట్ లేదు, సర్టిఫికెట్ లేదు, టోర్నమెంట్ లేదు. 1900 తర్వాత ఇతోసు అంకో అనే పెద్దాయన దాన్ని స్కూళ్లలోకి తెచ్చాడు. 1922లో ఫునకోషి గిచిన్ అనే స్కూల్ టీచర్ టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చాడు. అక్కడ జూడో స్థాపకుడు కానో జిగొరో ఆయన్ని పిలిచి ప్రోత్సహించాడు. ఇప్పుడు మనం చూసే తెల్ల డ్రెస్, బ్లాక్ బెల్ట్, డాన్ లెక్కలు అన్నీ జూడో నుంచి తెచ్చుకున్నవే. ఫునకోషి మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో. అంటే వేల ఏళ్ల నాటిది అనుకునే బ్లాక్ బెల్ట్‌కి కరాటేలో వందేళ్లే వయసు!

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. 1930లలో జపాన్‌లో యుద్ధ విద్యలన్నిటికీ ఒక పెద్ద సంస్థ ఉండేది. దాంట్లో చేరాలంటే "మీ శైలి పేరేంటి?" అని రాసివ్వాలి. అప్పటిదాకా పేర్లే లేని చోట పేర్లు పుట్టాయి. మియాగి చోజున్‌ది గోజు-ర్యూ. మబుని కెన్వాది షితో-ర్యూ. ఒత్సుకా హిరొనోరిది వాడో-ర్యూ. ఫునకోషి శిష్యులది షోతోకాన్. ఫారంలో ఒక గడి నింపాల్సి వచ్చి పెట్టుకున్న పేర్లు తర్వాత గోడలైపోయాయి.

యుద్ధం అయ్యాక, 1946లో ఆ పెద్ద సంస్థని అమెరికన్లు మూసేయించారు. ఇక పైన ఎవరూ లేరు. 1949లో ఫునకోషి శిష్యులు జపాన్ కరాటే అసోసియేషన్ పెట్టారు. 1957లో ఆయన చనిపోయాడు. అంత్యక్రియలు ఎవరి ఆధ్వర్యంలో జరగాలన్న దగ్గరే శిష్యులు రెండు వర్గాలయ్యారు. గురువు ఉన్నన్నాళ్లూ పోటీలంటే ఇష్టపడలేదు. ఆయన పోయిన అదే ఏడాది అక్టోబర్‌లో ఒక వర్గం మొదటి ఆల్ జపాన్ టోర్నమెంట్ పెట్టింది. రెండో వర్గం "మాకు పోటీలే వద్దు" అని పక్కకి జరిగింది. ఎవరిది కరెక్ట్ అని నేను చెప్పను. ఇద్దరూ గురువు మీద ప్రేమతోనే విడిపోయారని మాత్రం అనిపిస్తుంది.

ఇప్పుడు 1964కి రండి. టోక్యోలో ఒలింపిక్స్. జూడో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. దానికోసం నిప్పాన్ బుడోకాన్ అనే పెద్ద హాల్ కట్టారు. సరిగ్గా అదే అక్టోబర్‌లో, అదే ఊళ్లో, కరాటే వాళ్లు కూర్చుని ఒక జాతీయ ఫెడరేషన్ పెట్టుకున్నారు. జపాన్ కరాటే ఫెడరేషన్ అంటే అదే. జూడోకి ఒక ఇల్లు ఉంది, ఒకటే రూల్ బుక్ ఉంది. కరాటేకి ఎన్ని శైలులుంటే అన్ని రూల్ బుక్కులు.

వాళ్లు చేసిన తెలివైన పని ఇక్కడుంది, జాగ్రత్తగా వినండి. "అందరూ మీ శైలి వదిలేసి ఒక్క శైలిలోకి రండి" అనలేదు. అలా అని ఉంటే మొదటి మీటింగ్‌లోనే సగం మంది లేచిపోయేవాళ్లు. ఫోన్ ఛార్జర్ల సంగతి గుర్తుందా? ఒకప్పుడు ఒక్కో కంపెనీకి ఒక్కో పిన్. తర్వాత పిన్ ఒకటే చేశారు, ఫోన్ లోపల ఎవరిది వాళ్లదే. ఇదీ అంతే. డోజోలో ఏం నేర్పాలన్నది శైలి ఇష్టం. మ్యాట్ మీదకి వచ్చాక రూల్ ఒకటే, రిఫరీకి లైసెన్స్ ఒకటే.

దానికి రెండు చేతులు పెట్టుకున్నారు. ఒక చెయ్యి శైలి సంఘాలు: గోజు, షితో, వాడో, షోతోకాన్ వైపు నుంచి జపాన్ కరాటే అసోసియేషన్, ఇంకో రెండు సంఘాలు. రెండో చెయ్యి జిల్లాల్లాంటి 47 ప్రిఫెక్చర్ల సంఘాలు. నేర్పేది మొదటి చెయ్యి, సెలెక్ట్ చేసేది రెండోది. నువ్వు ఏ మాస్టర్ దగ్గర నేర్చుకున్నావన్నది పక్కన పెట్టి, మీ ప్రిఫెక్చర్ పోటీలో గెలిస్తే పైకి వెళ్తావు. మాస్టర్ చేతిలో బెల్ట్ ఉంది, సెలెక్షన్ లేదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్ ఇదే.

ఇక దెబ్బ విషయం. కొన్ని చోట్ల కవచాలు వేసుకుని కొట్టుకునేవాళ్లు, కొన్ని చోట్ల అసలు కొట్టుకునేవాళ్లే కాదు. చివరికి ఆపగలగడమే నైపుణ్యం అన్న పద్ధతి నిలబడింది. పూర్తి బలంతో రావాలి, చర్మం దగ్గర ఆపాలి. ఆ ఇరాన్ ఆటగాడికి గోల్డ్ ఇచ్చింది ఆ పాత నిర్ణయమే. దీనికి ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు. నిజంగా కొట్టే క్యోకుషిన్ కరాటేని నడిపిన ఒయామా అదే 1964లో తన సొంత సంస్థ పెట్టుకుని బయటే ఉన్నాడు.

తర్వాత అన్నీ వేగంగా జరిగాయి. 1969లో ప్రభుత్వ గుర్తింపుతో చట్టబద్ధమైన సంస్థ అయింది, అదే ఏడాది మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్. 1970లో 33 దేశాలతో టోక్యోలో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్. అప్పట్లో ప్రెసిడెంట్ ససకావా రియోఇచి, మోటార్‌బోట్ రేసులతో డబ్బు సంపాదించినాయన. యుద్ధ నేరాల అనుమానంతో మూడేళ్లు జైల్లో ఉండి, విచారణ లేకుండా బయటికొచ్చినాయన. క్రీడా సంస్థల చరిత్రలో డబ్బు, పలుకుబడి ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడాలి కదా, అందుకే చెప్తున్నా.

అంతా హ్యాపీ ఎండింగ్ అనుకోకండి. పోటీల్లో తప్పనిసరి కటాలుగా ఎనిమిది ఎంచారు, నాలుగు పెద్ద శైలుల నుంచి రెండేసి. కటా అంటే ఒంటరిగా చేసే వరస కదలికలు. మరి మిగతా శైలుల వాళ్లు? 1987లో జాతీయ క్రీడలు ఒకినావాలో పెట్టారు. ఆడాలంటే ఫెడరేషన్‌లో చేరాలి. ఒకినావా పెద్దలు చేరాలా వద్దా అని చీలిపోయారు. వాళ్ల బాధ ఊహించండి. విద్య పుట్టింది నీ పెరట్లో. ఇప్పుడు నువ్వు సరిగ్గా చేస్తున్నావా లేదా అని టోక్యో చూసి చెప్తుందట.

ఇంకోటి. జపాన్ కరాటే అసోసియేషన్ 1990లో రెండుగా చీలి కోర్టుకెక్కింది. పేరు ఎవరిదన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1999లో తేలింది. తొమ్మిదేళ్లు! కానీ ఆ తొమ్మిదేళ్లూ జాతీయ పోటీలు ఆగలేదు. ఎందుకు? సెలెక్షన్ ఆ సంఘం చేతిలో లేదు కాబట్టి. పెద్దల కొట్లాట పిల్లల దాకా రాకుండా మధ్యలో ఒక గోడ ఉంది.

మన దేశానికి వద్దాం. 2020 జనవరిలో ఇండియన్ ఒలింపిక్ అసోసియేషన్, కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపు తీసేసింది. జూన్‌లో ప్రపంచ కరాటే ఫెడరేషన్ కూడా తాత్కాలికంగా తీసేసింది. లోపల వర్గాల గొడవ. అంటే కరాటే మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తున్న సమయానికి మన దేశంలో దాని ఇల్లే తగాదాలో ఉంది. ఇక్కడ ఆ గోడ లేదు. పైన కుర్చీ కదిలితే కింద పిల్లల సర్టిఫికెట్ కదులుతుంది.

మళ్లీ టోక్యోకే వెళ్లి ముగిస్తా. ఒలింపిక్స్ పురుషుల కటా గోల్డ్ కియునా ర్యోకి వచ్చింది. అతనిది ఒకినావా. ఆ దీవులకి అదే మొదటి ఒలింపిక్ గోల్డ్. పోడియం మీదకి చనిపోయిన అమ్మ ఫొటో పట్టుకుని ఎక్కాడు. ఫైనల్లో చేసిన కటా ఆ నాలుగు పెద్ద శైలుల్లో ఏదీ కాదు. ర్యూఎయి-ర్యూ, ఒకినావాలో నకైమా అనే కుటుంబం తరతరాలుగా ఇంట్లోనే దాచుకున్న విద్య. అతని గురువు సకుమోతో త్సుగువో దానితోనే మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆ హాల్ ఏదో తెలుసా? అదే బుడోకాన్. ఒక ఇంటి విద్య అక్కడిదాకా వెళ్లిందంటే, మధ్యలో ఒక రూల్ బుక్, ఒక సెలెక్షన్ దారి, ఒక నమ్మకమైన సంతకం ఉన్నాయి. 2024 పారిస్‌లో కరాటేని తీసేశారు, 2028లోనూ లేదు. అయినా ఆ దారి అక్కడ అలాగే ఉంది.

పోయిన నెల మా అక్క ఫోన్ చేసింది. "పాపని కరాటేలో చేర్పిస్తున్నాం రా, బెల్ట్ టెస్ట్ ఫీజు కట్టమంటున్నారు, కట్టెయ్యనా?" అంది. మాస్టర్ మంచాయనేనంట, పిల్లలకి ఆయనంటే ప్రాణం అంట. "కట్టక్కా, కానీ ముందు మూడు ప్రశ్నలు అడుగు" అన్నా. ఈ సర్టిఫికెట్ మీద సంతకం ఏ సంస్థది? ఆ సంస్థని ఈ రోజు రాష్ట్ర స్పోర్ట్స్ అథారిటీ ఒప్పుకుంటుందా? జిల్లా సెలెక్షన్స్‌కి పాపని పంపగలరా? మూడిటికీ జవాబు లేకపోయినా పాపని మాన్పించక్కర్లేదు. ఒంటికి మంచిది, ధైర్యం వస్తుంది. కానీ దేనికి డబ్బు కడుతున్నామో తెలిసి కట్టాలి. మా నాన్నకి ఎవరూ ఈ ప్రశ్నలు చెప్పలేదు. అందుకే మీకు చెప్తున్నా.

మీ దగ్గర కూడా అలాంటి ఫోల్డర్ ఉంటే, ఏం జరిగిందో కామెంట్స్‌లో రాయండి. మాస్టర్ పేరు, సంస్థ పేరు వద్దు, మీ కథ చాలు. పిల్లల్ని కరాటేలో వేస్తున్న వాళ్లెవరైనా తెలిస్తే ఈ ఎపిసోడ్ వాట్సాప్‌లో పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.